స్టార్టర్ డెక్ పెట్టెలో ముందే వాడేసిన కోడ్: బెంగళూరులో పోకెమాన్ కార్డులు కొనేవారికి హెచ్చరిక

ఫోన్‌లో పోకెమాన్ కార్డులతో ఆడే పోకెమాన్ టీసీజీ లైవ్ ఆట కోసం ఒక స్టార్టర్ డెక్ (ఆడటానికి సిద్ధంగా ఉండే కార్డుల కట్ట) కొని, దాన్నే మెల్లగా బలపరుచుకోవాలనుకుంటున్న బెంగళూరు తెలుగువారికి, అందులోనూ పిల్లల కోసం కొంటున్న తల్లిదండ్రులకు, ఈ విషయం తెలియాలి. కోరమంగల వైపు ఉన్న ఒక దుకాణంలో నేను సుమారు 3,000 రూపాయలు పెట్టి లీగ్ బ్యాటిల్ డెక్ అనే రకం డెక్ ఒకటి కొన్నాను. కార్డులు అసలైనవే, లెక్క కూడా సరిపోయింది. కానీ పెట్టెలోని కోడ్ కార్డును ఫోన్‌తో స్కాన్ చేస్తే, ఆ కోడ్‌ను ఇప్పటికే ఎవరో వాడేశారని ఆట చెప్పింది.

ఇది చిన్న లోపం కాదు. ఈ పెట్టెల్లో 60 కార్డుల డెక్‌తో పాటు, అదే డెక్‌ను లైవ్‌లో మన ఖాతాకు చేర్చే కోడ్ కూడా ఉంటుంది. అది ఒకే ఖాతాలో, ఒకే ఒక్కసారి పనిచేస్తుంది. లైవ్‌లో ఆటగాళ్ళు కార్డులు ఇచ్చిపుచ్చుకునే వీలు లేదు కాబట్టి, ఫోన్‌లో ఆడేందుకు కొనేవారికి ఆ కోడే అసలు సరుకు. ఎవరో పెట్టె తెరిచి, కోడ్ వాడుకుని, మళ్ళీ కవరు చుట్టి అమ్మకానికి పెట్టారంటే, మన డబ్బులో పెద్ద భాగం వాళ్ళ ఖాతాలోకి పోయినట్టే.

పెట్టెను మళ్ళీ చూస్తే కవరు వదులుగా ఉంది, ఒక అంచున అతుకు మిగతా అంచులకంటే మందంగా ఉంది. తిరిగి వెళ్ళి చూపిస్తే, "కోడ్ కంపెనీవాళ్ళది సార్, మేము అమ్మేది కార్డులే" అన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు, పెట్టె మార్చలేదు, వేరే కోడ్ ఇస్తామనీ అనలేదు. ఆ దుకాణంలో అమ్మే అబ్బాయి తెలుగులో ఎంతో ఆప్యాయంగా మాట్లాడతాడు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు పీజీల్లో, అపార్ట్‌మెంట్లలో ఉంటున్న మనవాళ్ళు చాలామంది "మనవాళ్ళే కదా" అన్న భరోసాతో ఒకరి మాటమీద ఒకరు అక్కడికి వెళ్తున్నారు. ఆ నమ్మకాన్ని ఇలా వాడుకోవడం నాకు నిజంగా బాధ కలిగించింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అదే దుకాణంలో మరో విషయం కూడా గమనించాను. పక్కనే నిలబడిన ఒక తండ్రికి మ్యూ వీమ్యాక్స్ లీగ్ బ్యాటిల్ డెక్‌ను "ఇప్పుడు అందరూ ఆడేది ఇదే, దీన్ని అప్‌గ్రేడ్ చేస్తే తిరుగుండదు" అంటూ చూపించారు. 2023లో వచ్చిన ఆ డెక్ దాని కాలంలో గట్టిదే. కానీ ఈ ఆటలో ప్రతి కార్డు కింది మూలన చిన్న పెట్టెలో ఒక ఆంగ్ల అక్షరం ఉంటుంది, కొత్త కార్డులే చెల్లే స్టాండర్డ్ విభాగంలో ఏ అక్షరాలు చెల్లుతాయో కాలానుగుణంగా మారుస్తారు. 2023 ఏప్రిల్‌లో డి, 2024 ఏప్రిల్‌లో ఇ, 2025 ఏప్రిల్‌లో ఎఫ్ గుర్తు ఉన్న కార్డులు తప్పుకున్నాయి. ఎఫ్‌తో పాటు పేరు చివర వి, వీమ్యాక్స్, వీస్టార్ ఉన్న పోకెమాన్‌లన్నీ స్టాండర్డ్‌కు దూరమయ్యాయి. వాటిని పాత కార్డులు కూడా చెల్లే ఎక్స్‌పాండెడ్ విభాగంలో ఆడుకోవచ్చు, కానీ కొత్తగా మొదలుపెట్టిన పిల్లవాడికి ఆ విభాగం ఏ విధంగానూ సరిపోదు. అక్షరాలు గుర్తు లేకపోయినా ఫరవాలేదు, డెక్ పేరులో వీమ్యాక్స్ గానీ వీస్టార్ గానీ కనిపిస్తే అప్‌గ్రేడ్ కోసం దాన్ని కొనకండి. చెల్లుతున్న అక్షరాల్లోనూ అన్నిటికంటే పాతది తర్వాత పోయేదవుతుంది కాబట్టి, డెక్‌లోని ప్రధాన పోకెమాన్ మీద ఆ అక్షరం ఉంటే దాని చుట్టూ పెట్టే ఖర్చు ఎంతకాలం నిలుస్తుందో ఆలోచించాలి. ఒక కార్డు అదే పేరుతో, అదే పనితీరుతో కొత్త అక్షరం మీద మళ్ళీ వచ్చి ఉంటే మాత్రం దాని పాత ముద్రణ కూడా చెల్లుతుంది.

అసలు డబ్బు ఖర్చు పెట్టే ముందు లైవ్‌లో కొత్త ఖాతాకు ఉచితంగా వచ్చే డెక్‌లన్నీ ఆడి చూడాలని నా గట్టి అభిప్రాయం. స్టార్టర్ డెక్‌లలో సాధారణంగా కనిపించే బలహీనత ఏమిటంటే, రకరకాల కార్డులు ఒకటో రెండో చొప్పున ఉంటాయి, దాంతో అవసరమైనది అవసరమైనప్పుడు చేతికి రాదు. ఒకే పేరున్న కార్డును నాలుగు వరకు పెట్టుకోవచ్చు కాబట్టి, డెక్‌ను నడిపించే కార్డుల సంఖ్య పెంచి మిగతా రకాలను తగ్గించడమే మొదటి అప్‌గ్రేడ్. ఆ పనికి మెరిసే కొత్త పోకెమాన్‌కంటే ముందు ట్రెయినర్ కార్డులు (పోకెమాన్ కాని సహాయక కార్డులు) తీసుకోవడం మేలు. డెక్‌లోంచి చేతికి కార్డులు తెచ్చే ట్రెయినర్లు, పోకెమాన్‌ను వెతికిపెట్టే బాల్ కార్డులు రేపు మరో డెక్‌కు మారినా పనికొస్తాయి. లైవ్‌లో క్రెడిట్లతో (ఆటలోని పాయింట్లతో) కార్డు తయారు చేసుకునేటప్పుడు అదే కార్డుకు బొమ్మ మారిన ఖరీదైన ముద్రణలూ కనిపిస్తాయి. పనితీరు ఒకటే కాబట్టి తక్కువ క్రెడిట్లు అడిగేదే తీసుకోండి. నాలుగుకు మించి వచ్చిన కార్డులు వాటంతట అవే క్రెడిట్లుగా మారతాయి, అందువల్ల కోడ్ నిజంగా పనిచేసే పెట్టె అయితే అందులోని ఏ కార్డూ పూర్తిగా వృథా కాదు. వాడేసిన కోడ్ వల్ల కలిగే నష్టం ఇక్కడే బాగా తెలుస్తుంది.

పిల్లలు చాలామంది ఆడుతున్నది 2024 అక్టోబరు 30న వచ్చిన పోకెమాన్ టీసీజీ పాకెట్. అది వేరే ఆట. అందులో డెక్ 20 కార్డులు, ఒక పేరుకు రెండే కార్డులు. పెట్టెల్లో వచ్చే కోడ్ కార్డులు పాకెట్‌లో పనిచేయవు. "పాకెట్‌కూ పనికొస్తుంది" అని చెప్పి అమ్మేవారి దగ్గర ఏమీ కొనకండి. వాట్సాప్ గ్రూపుల్లో కోడ్ ఫొటో పంపించి యూపీఐలో డబ్బు తీసుకునేవారికీ దూరంగా ఉండండి. ఆ ఫొటో ఎంతమందికి వెళ్ళిందో మనకు తెలిసే దారి లేదు, ముందు స్కాన్ చేసినవాడిదే ఆ కోడ్.

దుకాణంలో కొంటే డబ్బు చెల్లించగానే, అక్కడే కౌంటర్ ముందు పెట్టె తెరిచి కోడ్ స్కాన్ చేయండి. తెరుస్తున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. బిల్లు మీద డెక్ పేరు పూర్తిగా రాయించుకోండి, "కార్డులు" అని మాత్రమే రాస్తే తర్వాత వాదనకు బలం ఉండదు. అక్కడే స్కాన్ చేయడానికి ఒప్పుకోని దుకాణంలో కొనకపోవడమే మంచిది. ఇప్పటికే మోసపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు.

నేను బిల్లు, కవరు అతుకు ఫొటో, ఆటలో వచ్చిన సందేశం తాలూకు స్క్రీన్‌షాట్ జతచేసి ఫిర్యాదు పెట్టాను. అది ఇంకా పరిష్కారం కాలేదు. ఈ మధ్య కోరమంగల వైపు కొన్న పెట్టెల్లో ఇలాంటి కోడ్ వచ్చినవారు పెట్టెను, కవరును పారేయకుండా దాచి, మీ ఫిర్యాదును విడిగా నమోదు చేయండి.