ట్యాంకు వ్యాగన్ కిట్టు: నడక బంగారం, కడుపులో సీసం మాత్రం పొయ్యకండి

ఈ మోడల్ రైలు కిట్టు కొన్నవాళ్ళకు అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే: బరువు కోసం ట్యాంకులో సీసం గుళ్ళు పోసి, అవి కదలకుండా వడ్రంగుల తెల్ల జిగురు పొయ్యకండి. కట్టిన రోజు ఏమీ తేడా తెలియదు. ఏడాది గడిచినా తెలియదు. కొన్ని వర్షాకాలాలు దాటాక ట్యాంకు ఉబ్బుతుంది, అతుకు విచ్చుకుంటుంది, రంగు పెచ్చులుగా లేస్తుంది. కిందపడి విరిగిన వ్యాగన్‌ని అతికించుకోవచ్చు. ఇది లోపలినుంచి చెడుతుంది, చెడిందని తెలిసేసరికి ప్లాస్టిక్ సాగిపోయి ఉంటుంది.

కిట్టు గురించి రెండు ముక్కలు: 4 మి.మీ. స్కేలు (అసలు రైలులో ఒక అడుగుకు మోడల్‌లో 4 మి.మీ.), అంటే 1:76, నాలుగు చక్రాల పెట్రోలు ట్యాంకు, ఇంగ్లండు నమూనా, పాలిస్టైరీన్ ప్లాస్టిక్. తయారుచేసేవాళ్ళ పేరుతో పనిలేదు. రెండు సగాల ట్యాంకు ఉన్న కిట్టు ఎవరిదైనా ఈ సంగతి వర్తిస్తుంది.

ముందు నడక. పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ చక్రాలు పక్కన పెట్టి, టోపీ ఆకారపు ఇత్తడి బేరింగులు, 12.6 మి.మీ. లోహపు చక్రాలు వెయ్యాలి. మన కోస్తా ఉప్పుగాలిలో ఇన్నాళ్ళు నడిచినా ఈ బేరింగులు బిగుసుకోలేదు. వేలితో మెల్లగా తోస్తే వ్యాగన్ ఇప్పటికీ పట్టా చివరిదాకా పోతుంది. అయితే అది ఇరుసు కొన కూర్చునే యాక్సిల్ బాక్సులో గుంట ఎలా తీశామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 2 మి.మీ. బిట్టును చేతి డ్రిల్లుకు బిగించి వేళ్ళతోనే తిప్పాలి. కరెంటు డ్రిల్లు పెడితే వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది, గుంట పక్కకు పోతుంది. లోతు కూడా ఒక్కసారిగా తియ్యకూడదు. కాస్త తియ్యడం, బేరింగు కూర్చోబెట్టడం, 26 మి.మీ. ఇరుసు పెట్టి చూడడం, మళ్ళీ కాస్త తియ్యడం. లోతు చాలకపోతే ఆ బాక్సులుండే యాక్సిల్ గార్డులు కింద బయటికి విచ్చుకుని చక్రం బిగుస్తుంది. ఎక్కువైతే ఇరుసు పక్కకు జరిగి చక్రం బ్రేకు షూకి రాసుకుంటుంది. అటూ ఇటూ కలిపి పావు మి.మీ. వదులు చాలు. చక్రాల లోపలి ముఖాల మధ్య 14.5 మి.మీ. ఉందో లేదో వెర్నియర్‌తో చూడండి. కొన్న చక్రాలు 14 దగ్గర వస్తే పట్టాలు చీలే పాయింట్ల దగ్గర తప్పకుండా ఎక్కి దిగుతాయి.

ప్లాస్టిక్ అతికే ద్రావకం విమానపు టపాలో రాదు, మండే సరుకు కదా. నేమ్‌ప్లేట్లు చేసే అక్రిలిక్ దుకాణాల్లో వాడే క్లోరోఫామ్ ఈ ప్లాస్టిక్‌ని బాగా పట్టుకుంటుంది. కిటికీ తీసి, ఫ్యాను ఆవిరిని బయటికి తోసేలా పెట్టుకుని పనిచెయ్యండి. ముక్కలు రెండూ చేర్చి పట్టుకుని, సన్నటి బ్రష్షుతో అతుకు అంచున ఒక్క చుక్క ముట్టిస్తే అదే లోపలికి పాకుతుంది. ముందు పూసి తర్వాత అంటిస్తే అంచులన్నీ జావ అవుతాయి. ఒక పక్క ఫ్రేమును గట్టిగా అతికించి ఆరనిచ్చి, రెండోది మెత్తగా ఉండగానే చక్రాలు పెట్టి అద్దం పలక మీద నిలబెట్టండి. నాలుగు చక్రాల కిందా పల్చటి కాగితం ముక్క ఒకేలా పట్టుకుంటే వ్యాగన్ సమంగా ఉన్నట్టు. మూడింటి కింద పట్టుకుని నాలుగోదాని కింద జారిపోతే అప్పుడే సర్దాలి, తెల్లారితే సర్దలేరు.

ఇక బరువు. ఇరుసుకు 25 గ్రాములన్నది బ్రిటిష్ మోడల్ రైళ్ళు కట్టేవాళ్ళలో చాలాకాలంగా ఉన్న లెక్క. రెండు ఇరుసులకు 50. ఈ కిట్టు చక్రాలతో కలిపి సుమారు 20 తూగుతుంది, మరో 30 గ్రాములు కావాలి. తెరిచిన వ్యాగన్‌లో బొగ్గు కింద దాచొచ్చు, మూసిన వ్యాగన్‌లో నేలమీద పరచొచ్చు. ట్యాంకు వ్యాగన్‌కు ఫ్రేము మొత్తం బయటికి కనిపిస్తుంది కాబట్టి చోటు ట్యాంకులోనే. అంత పెద్ద ఖాళీ ఉండడం ఈ కిట్టుకు సుగుణమని అందరూ అంటారు. నిజమే గానీ ఆ ఖాళీ చక్రాల పైన ఉంది. నిండా బరువు నింపితే వంపుల మీద వ్యాగన్ ఊగుతుంది. పైగా ఒకసారి మూత అతికిస్తే లోపల ఏం జరుగుతోందో చూసే దారి లేదు.

ఒడిశాలోని బరంపురంలో ఉన్నవాళ్ళకు సీసం వెతుక్కోనక్కర్లేదు. గోపాల్‌పూర్ వెళ్తే వలలకు కట్టే గుళ్ళు దొరుకుతాయి. చవక, చేతికి బరువుగా తగులుతాయి. కష్టం ఒక్క గుళ్ళ వల్లే రాదు, జిగురుతో కలిసినప్పుడు వస్తుంది. తెల్ల జిగురు పాలివినైల్ ఎసిటేట్. అది ఆరిన తర్వాత కూడా ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే వెనిగర్‌లో ఉండే పులుపును, కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది. మూసిన ట్యాంకులో ఆ ఆవిరి బయటికి పోదు. సీసాన్ని పట్టుకుని సీసపు ఎసిటేట్ చేస్తుంది, గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ తోడై అది తెల్ల సీసంగా మారుతుంది. పాతకాలపు రంగుల తయారీలో తెల్ల సీసాన్ని కావాలనే ఇలా చేసేవారు: వెనిగర్ పోసిన కుండల్లో సీసపు రేకులు పెట్టి, చుట్టూ పేడ కప్పి, నెలలపాటు ఉంచేవారు. ట్యాంకులో జరిగేది కూడా అదే పని, మెల్లగా. ఆ తెల్లపొడి మొదటి సీసం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గుళ్ళన్నీ జిగురులో బిగుసుకుని ఉంటాయి కాబట్టి ఆ ఒత్తిడి అంతా గోడ మీద పడుతుంది. ఒక మి.మీ. మందం ప్లాస్టిక్ ఏం ఆపుతుంది? మన దగ్గర గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఈ పని ఆగే కాలమే లేదు.

మొదటి గుర్తు చాలా చిన్నది. ట్యాంకు రెండు సగాలు కలిసే చోట, నడిమి భాగంలో, రంగులో వెంట్రుకవాసి గీత. ఆరిన రంగు ముడుచుకుందేమో అనిపిస్తుంది. గోరు అడ్డంగా రాస్తే ఒక అంచు కాస్త పైకి తగులుతుంది. అప్పటికి వ్యాగన్ మామూలుగానే నడుస్తుంటుంది. తర్వాత గీత పొడవై ట్యాంకు చివరి మూతల దాకా పాకుతుంది, దాంట్లోంచి తెల్లటి పిండి రాలుతుంది. ట్యాంకును మోసే దిమ్మలు ఫ్రేమును వంచడం మొదలవుతుంది. అద్దం మీద పెడితే ఒక చక్రం గాలిలో ఉంటుంది. అంత శ్రద్ధగా సమంగా కట్టిన ఫ్రేము అలా మెలిపడితే చూడలేం. పట్టా తప్పుతోందని చక్రాలు మార్చి, వ్యాగన్లను కలిపే కప్లింగులు మార్చి లాభం లేదు. రోగం ట్యాంకులో ఉంది.

ఆ పిండి విషం. పొడిగా ఊడవకూడదు, ఊదకూడదు. తడిగుడ్డతో తుడిచి, గుడ్డతో సహా సంచిలో కట్టి పారెయ్యాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ట్యాంకు చివరి మూతను సన్నటి రంపంతో అతుకు వెంట కోస్తే లోపలి ముద్ద బయటపడుతుంది. పూర్తిగా ఉబ్బిన గోడ మళ్ళీ గుండ్రంగా రాదు. మూతలు బాగుంటే వాటిని దాచి, నడిమి భాగాన్ని గోడల్లో కరెంటు తీగలు పోయే పీవీసీ గొట్టంతో మార్చవచ్చు, 25 మి.మీ. గొట్టం దగ్గరగా ఉంటుంది, కొనే ముందు మీ ట్యాంకు కొలుచుకోండి. పీవీసీకీ పాలిస్టైరీన్‌కీ మధ్య ఎపాక్సీ (రెండు గొట్టాలవి కలిపి వాడే జిగురు) తప్ప మరోటి నమ్మకంగా నిలవదు.

కొత్తగా కట్టేవాళ్ళకు సీసం అవసరమే లేదు. సైకిల్ వెనక చక్రంలో వేసే పావు అంగుళం బాల్సు ఒక్కోటి గ్రాముకు పైచిలుకు తూగుతుంది. 30 బాల్సు వేస్తే లెక్క సరిపోతుంది. వరసకు పది చొప్పున మూడు వరసలు ట్యాంకు అడుగున పడుకుంటాయి, బరువు కిందికి వస్తుంది, ఊగడం తగ్గుతుంది. ముందు వాటికున్న నూనె కిరసనాయిలుతో, తర్వాత సబ్బునీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టాలి, లేకపోతే ఎపాక్సీ పట్టదు. ఉక్కు కూడా తుప్పుపట్టి ఉబ్బేదే, అందుకని ప్రతి బాలు చుట్టూ ఎపాక్సీ పూర్తిగా చేరాలి. రెండు గొట్టాల అరాల్డైట్ ఎపాక్సీని ఒకేసారి ఎక్కువ కలపొద్దు; ముద్ద వేడెక్కి ప్లాస్టిక్‌ని వంచుతుంది. కొంచెం కలిపి ఒక వరస, అది గట్టిపడ్డాక రెండో వరస. రెండు చివర్లా బరువు సమంగా ఉండాలి.

ఒక చిక్కు ఉంది. పట్టాల కింద అయస్కాంతం పెట్టి కప్లింగులు విడదీసే పద్ధతి ఉన్నవాళ్ళకు ఉక్కు బరువు ఇబ్బంది. తేలిగ్గా దొర్లే వ్యాగన్‌ను అయస్కాంతం తనవైపు లాగుతుంది, వ్యాగన్ తనంతట తాను కదులుతుంది. ఉక్కు ఇరుసులతో కూడా అదే బాధ. అలాంటివాళ్ళు ఇత్తడి ముక్కలు వాడుకోవాలి.

ఏ బరువు వేసినా ట్యాంకు కింద, కనపడని చోట 1 మి.మీ. చిల్లు పెట్టండి. అతికించిన ద్రావకం ఆవిరి లోపల చిక్కుకుంటే వారాలపాటు గోడను మెత్తబరుస్తూనే ఉంటుంది, నడిమిభాగం లోపలికి గుంటపడుతుంది.

రంగు విషయంలో కిట్టును తప్పుపట్టడానికి లేదు, కాలాన్నే చూసుకోవాలి. ఆషాఢ శ్రావణాల్లో స్ప్రే డబ్బా పడితే నల్లరంగు మీద తెల్లటి పొగ కమ్ముతుంది. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ దానిమీద చేరుతుంది. మోడళ్ళకు వేసే హంబ్రాల్ ఎనామెల్ అయితే ఆ పొగ రాదు గానీ ఆరడానికి రోజులు పడుతుంది, ఈలోగా దుమ్ము చేరుతుంది. మూత ఉన్న డబ్బాలో ఆరబెట్టండి. కార్తీకం నుంచి మాఘం దాకా, ఎండ ముదిరాక వేసిన పూతలు ఇప్పటికీ నిగనిగలాడుతున్నాయి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే రెడ్ ఆక్సైడ్ వద్దు, దాని రేణువులు ముతక, రివెట్లన్నీ పూడిపోతాయి. అక్షరాల స్టిక్కర్లు నీళ్ళలో నానబెట్టి అంటించే ముందు అక్కడ మెరుపు వార్నిష్ ఉండాలి. గరుకు రంగు మీద అంటిస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది.

రైలు పెట్టెలు కట్టేవాళ్ళకు కూడా బరువు మాట వర్తిస్తుంది. పర్లాకిమిడి మీదుగా నౌపడా–గుణుపురం మధ్య 2004 దాకా నడిచిన చిన్న రైలు పెట్టెలు ఈ స్కేల్లో చేద్దామనుకునేవాళ్ళు ఈ వైపు ఉన్నారు. 2 అడుగుల 6 అంగుళాల గేజి (పట్టాల మధ్య దూరం) ఇక్కడ సరిగ్గా 10 మి.మీ. అవుతుంది, 9 మి.మీ. పట్టా వాడితే తేడా పెద్దగా కనపడదు. పెట్టెకు సీట్ల కింద ఇనుప పట్టీలు ఎపాక్సీతో అతికించి, పైకప్పు ఊడేలా ఉంచండి. ఇరుసుకు 25 లెక్కన నాలుగు ఇరుసుల పెట్టెకు 100 గ్రాములవుతుంది, ఎత్తు ఎక్కే చిన్న ఇంజనుకు అలాంటివి నాలుగైదు లాగడం కష్టం. అక్కడ తగ్గించుకోవచ్చు.

మొత్తానికి ఈ కిట్టు కొనమనే చెబుతాను, కానీ మొదటి కిట్టుగా కాదు. ట్యాంకు అతుకు కనపడకుండా ఆకురాయి పట్టడం, తర్వాత ఎక్కిదిగే నిచ్చెన నిలబెట్టడం కొత్తవాళ్ళకు విసుగు తెప్పిస్తాయి. ముందు ఒక తెరిచిన వ్యాగన్ కట్టండి. పొడి గాలి ఉన్న ఊళ్ళలో సీసం వేసినవాళ్ళకు ఇంకా ఏమీ కాలేదని విన్నాను. వాళ్ళ ట్యాంకులు అలాగే ఉండొచ్చు. కోస్తా ఊళ్ళలో ఇప్పటికే సీసం పోసి మూసినవాళ్ళు మాత్రం ట్యాంకును దీపం ముందు తిప్పి ఆ గీత కోసం చూడండి. గీత లేకపోయినా వచ్చే వానలకు ముందే ఒక మూత తెరవడం మంచిది, ఇప్పుడైతే ప్లాస్టిక్ ఇంకా గుండ్రంగా ఉంటుంది.