డబ్బా మీద '4కే 120' చూసి కొత్త కన్సోల్ కొనేస్తున్నారా, ఒక్క నిమిషం ఆగండి

కొత్త గేమింగ్ కన్సోల్ కొని మూడు వారాలైంది. ఏ కంపెనీదో చెప్పను, ఆ గొడవ ఎందుకు. డబ్బా మీది అంకెలు నమ్మి నేను బోల్తా పడ్డట్టు ఇంకొకరు పడకూడదని రాస్తున్నా.

ముందువైపు ఇంత లావు అక్షరాల్లో '4కే 120' అని ఉంది. ఏ గేమ్ పెట్టినా 4కే బొమ్మ (అంటే 3840x2160 చుక్కలతో), సెకనుకి 120 ఫ్రేములు (వరసగా మారే బొమ్మలు) అనుకున్నా. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'వరకు' అని, గేమ్‌ని బట్టి, టీవీని బట్టి అని రాసి ఉందని కొన్నాక, అదీ ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేస్తే గానీ కనపడలేదు. ఆ అంకె కన్సోల్ వెనకున్న హెచ్‌డీఎంఐ పోర్టు (టీవీకి వెళ్లే కేబుల్ పెట్టే చోటు) ఎంత సిగ్నల్ బయటికి పంపగలదో చెబుతుంది, అంతే. లోపల చిప్ అంత బొమ్మ గీయగలదా లేదా అన్నది వేరే లెక్క.

ఎక్కడ అనుమానం వచ్చిందంటే, ఒక గేమ్‌లో అడవిలో కదలకుండా నిలబడితే ఆకు ఆకూ లెక్కపెట్టొచ్చు, కెమెరా కాస్త తిప్పగానే ఆకుల అంచులన్నీ చిటపటలాడినట్టు మెరుస్తున్నాయి, దూరంగా ఉన్న తీగలు ముక్కలు ముక్కలుగా తెగిపోతున్నాయి. రిమోట్ నొక్కితే టీవీ మాత్రం దర్జాగా 3840x2160 అని చూపిస్తోంది! తీరా ఆరా తీస్తే నేను ఆడుతున్న మోడ్‌లో గేమ్ లోపల గీసేది 1440పీ (2560x1440) అట. 4కే అంటే సుమారు 83 లక్షల పిక్సెళ్లు, 1440పీ అంటే 37 లక్షలు, అంటే సగం కూడా గీయకుండా మిగతాది అంచనా వేసి నింపేస్తోంది. ఇలా నింపడాన్నే అప్‌స్కేలింగ్ అంటారు, అది చెడ్డదేం కాదు, బాగా చేసిన గేముల్లో నాకే తేడా తెలియలేదు. కాకపోతే ఆ మాట ముందే చెప్పాలిగా. పోనీ అని ఫ్రేముల కన్నా బొమ్మకి పెద్దపీట వేసే క్వాలిటీ మోడ్ పెట్టి, రే ట్రేసింగ్ (వెలుగునీడలు నిజంలా లెక్కగట్టి గీసే పద్ధతి) ఆన్ చేస్తే 30 ఫ్రేములకి పడిపోయింది. 120 కావాలంటే ఒక్కో ఫ్రేమ్ 8.3 మిల్లీసెకన్లలో తయారవ్వాలి, పెద్ద గేములకి అది అయ్యే పని కాదు.

టీవీతో ఇంకో తలనొప్పి. నా టీవీకి నాలుగు పోర్టులున్నా హెచ్‌డీఎంఐ 2.1 ఒక్కటే, దానికేమో సౌండ్‌బార్ తగిలించి ఉంది. మిగతావి 2.0, అంటే సెకనుకి 18 గిగాబిట్లు, పూర్తి రంగులతో 4కే 120 అందులో పట్టదు. 2.1 అయితే 48 దాకా మోస్తుంది. ఇది తెలియక రెండు సాయంత్రాలు పాత కేబుల్ తీసి పెడుతూ, పెట్టి తీస్తూ కూర్చున్నా.

స్టోరేజీ మాట కూడా చూసుకోండి. డబ్బా మీద రాసినంత చోటు గేములకి దొరక్కపోవడం పాత రోగమే, మొదట వచ్చిన ప్లేస్టేషన్ 5లో 825 జీబీ అంటే గేములకి మిగిలేది 667. నా దాంట్లో నాలుగు పెద్ద గేములు ఎక్కించేసరికి నిండిపోయింది. యూఎస్‌బీ డిస్క్ తగిలిద్దామంటే కొత్త గేములు దాంట్లో దాచుకోవచ్చు గానీ ఆడలేం.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే 'పోర్టు సపోర్ట్ చేస్తుంది కదా సార్' అన్నారు. చేస్తుంది, కాదనను. అందుకే వాళ్లు వాపసు కూడా తీసుకోలేదు.

కొనేముందు మీరు ఆడబోయే రెండు మూడు గేముల పేర్లు రాసుకుని, మీరు కొనబోయే కన్సోల్‌లో ఒక్కోటి ఏ మోడ్‌లో లోపల ఎంత రిజొల్యూషన్, ఎన్ని ఫ్రేములు ఇస్తోందో వెతకండి. టీవీ వెనక్కి వంగి పోర్టు పక్కన ఏం రాసుందో కూడా చూడండి. నేను సౌండ్‌బార్ తీసేసి, 60 ఫ్రేములతో సరిపెట్టుకుని ఆడుతున్నా.