న్యూయార్క్‌లో సాకర్: కరోనా పార్కా, పియర్ 5కా?

న్యూయార్క్‌లో ఆదివారం పూట బంతి తన్నాలనిపిస్తే నేను చెప్పే చోట్లు రెండు: క్వీన్స్‌లో ఫ్లషింగ్ మెడోస్ కరోనా పార్క్, బ్రూక్లిన్‌లో పియర్ 5.

కరోనా పార్కుకి 7 నంబర్ రైలెక్కితే చాలు. పేరు చూసి జడుసుకోకండి, ఆ పేట పేరు 19వ శతాబ్దం నాటిది. 1964 ప్రపంచ ప్రదర్శనకి కట్టిన 140 అడుగుల ఉక్కు గ్లోబు ఇక్కడే ఉంది. చుట్టుపక్కల ఈక్వడార్, కొలంబియా, మెక్సికోల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ, అందుకే ఎటు చూసినా స్పానిష్ కేకలే. రెండు బ్యాగులు పడేస్తే గోల్‌పోస్టు, మన గల్లీ క్రికెట్‌లో ఇటుకలు పేర్చినట్టే. గీత పక్కన నిలబడి సైగ చేస్తే ఆటలోకి రానిస్తారు, పేరు కూడా అడగరు. గడ్డి లేచిపోయిన చోట మాత్రం బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేం. చీలమండ జాగ్రత్త.

పియర్ 5లో ఆ బాధ లేదు. ఒకప్పటి సరుకుల రేవు మీద చదునుగా పరిచిన టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి, అవతలి ఒడ్డున మన్‌హాటన్ మేడలు. ఫొటోలకి బాగుంటుంది. కానీ పర్మిట్ ఉన్న జట్టు వస్తే, ఆట ఎంత రసపట్టులో ఉన్నా మూటాముల్లె సర్దుకోవాల్సిందే. కరోనాలోనూ పర్మిట్లున్నాయి గానీ, అక్కడ ఖాళీ గడ్డి ఎక్కువ. పక్కకి జరిగి ఆడుకోవచ్చు.

టర్ఫ్ బూట్లు కొన్నవాళ్లు పియర్‌కి వెళ్లండి. నేనైతే కరోనాకే.