వేలికి స్పిరిట్ దూదా, సబ్బు నీళ్లా? షుగర్ మెషిన్ ఉన్న ఇంట్లో ఏది మేలు?

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం నాన్న మనవలకి మామిడిపళ్లు కోసి పెట్టారు. తను ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకోలేదు, ఆ విషయంలో మాట మీద నిలబడే మనిషి. భోజనం చేసి రెండు గంటలైంది కదా అని అమ్మ స్పిరిట్ దూదితో వేలు తుడిచి షుగర్ చూస్తే 284 వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్. రాత్రికి ఇన్సులిన్ నాలుగు యూనిట్లు పెంచేద్దామా అని అమ్మ, నేనేమీ తినలేదు మొర్రో అని నాన్న. నేను ఆయన చెయ్యి పట్టుకుని చూశాను. గోరు పక్కన సన్నగా పసుపు గీత, ముట్టుకుంటే ఇంకా జిగురు. సింకు దగ్గరికి తీసుకెళ్లి సబ్బుతో కడిగించి, పొడి తువ్వాలుతో తుడిచి, ఇంకో వేలు గుచ్చితే 158. రెంటికీ మధ్య ఐదారు నిమిషాలు కూడా లేవు. ఆ మొదటి అంకెను నమ్మి డోసు పెంచి ఉంటే అర్ధరాత్రి నాన్నకి షుగర్ పడిపోయేదేమో, ఆ భయం నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. మనకి స్పిరిట్ వాసన వస్తే చాలు, శుభ్రమైపోయిందని నమ్మకం. ఆసుపత్రిలో అలాగే చేస్తారు కదా అంటాం. కానీ ఇంట్లో మన వేలి మీద ఉండేది ఎక్కువగా తిండి, అందులో పంచదార. పంచదార నీళ్లలో కరిగినట్టు స్పిరిట్‌లో కరగదు, దూదితో రుద్దితే అటుది ఇటు, ఇటుది అటు పూసుకుంటుంది అంతే. మెషిన్ చూసే రక్తం ఎంతనుకున్నారు? చాలా మెషిన్లకి ఒక మైక్రోలీటరు కూడా అక్కర్లేదు. షుగర్ 100 ఉన్నప్పుడు ఒక మైక్రోలీటరు రక్తంలో ఉండే గ్లూకోజ్ ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షలో వంతు. అంత చిన్న లెక్కలోకి కంటికి కనపడని పళ్లరసం మరక వచ్చి కలిస్తే అంకె ఎక్కడికి పోతుందో ఊహించుకోండి. 2011లో జపాన్ పరిశోధకులు సరిగ్గా ఇదే పరీక్షించి చూశారు: నారింజ, ద్రాక్ష, కివి పళ్లు ఒలిపించి, కడగని వేలితో షుగర్ చూస్తే చాలా ఎక్కువ వచ్చింది, స్పిరిట్ దూదితో ఐదుసార్లు తుడిచినా పూర్తిగా సరికాలేదు, కుళాయి నీళ్లతో కడిగాకే అసలు అంకె వచ్చింది.

కాబట్టి వేలి విషయంలో నా ఓటు సబ్బు నీళ్లకే, రెండో మాట లేదు. గోరువెచ్చని నీళ్లయితే ఇంకా మంచిది, వేలికి రక్తం బాగా చేరుతుంది, పిండాల్సిన పని తగ్గుతుంది. కడగడం ఎంత ముఖ్యమో ఆరబెట్టడం అంత ముఖ్యం, ఎందుకంటే తడి వేలు గుచ్చితే రక్తంలో నీళ్లు కలిసి షుగర్ తక్కువ చూపిస్తుంది. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా ఇదే గొడవ, పైగా మంట, రోజుకి మూడు నాలుగు సార్లు రాస్తే చర్మం పగులుతుంది కూడా. శానిటైజర్ మాత్రం నాకు మూడింట్లోకి చివరిది, అందులో వేసే జిగురు పదార్థాలు వేలి మీదే ఉండిపోతాయి.

మరి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కాక, అరకు రైల్లో కూర్చున్నాక కుళాయి ఎక్కడిది? అప్పుడు స్పిరిట్ దూది పనికొస్తుంది, చేతికి తీపి ఏదీ అంటలేదని తెలిస్తే. పూర్తిగా ఆరనిచ్చి గుచ్చండి, మొదటి చుక్కని పొడి దూదితో తుడిచేసి రెండో చుక్కని స్ట్రిప్పుకి అందించండి. సింహాచలం అనాసపండు ముక్కలు తిన్న చేత్తో మాత్రం వద్దు, కనీసం సీసాలో నీళ్లు పోసి కడుక్కోండి.

ఇక మెషిన్ సంగతి. దీన్ని దేనితో తుడవాలన్నది కంపెనీని బట్టి మారుతుంది, పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకంలో రాసి ఉంటుంది, అది పారేయకండి. మామూలుగా మెత్తటి గుడ్డని తడిపి గట్టిగా పిండి తుడిస్తే మురికి పోతుంది, స్ట్రిప్పు దూర్చే కన్నంలోకి చుక్క తడి వెళ్లకూడదు. బ్లీచింగ్ కలిపిన నీళ్లతో తుడుద్దామని ఒకరు అన్నారు, వద్దు. మందుల్నీ వైద్య పరికరాల్నీ పర్యవేక్షించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ స్పిరిట్, బ్లీచింగ్ రెంటి గురించీ స్పష్టంగా చెప్పింది: రక్తంతో వ్యాపించే వైరస్‌లకి 70 శాతం ఇథనాల్, అంటే ఒక రకం స్పిరిట్, సరిపోదు, 10 శాతం బ్లీచ్ ద్రావణం మెషిన్‌నే పాడుచేయొచ్చు. అంటే స్పిరిట్‌తో తుడిచేశాం కదా, ఇంక ఎవరైనా వాడుకోవచ్చు అనే మాటకి ఆధారం లేదు. అన్నట్టు అన్నిటికంటే మురికిగా ఉండేది మెషిన్ కాదు, దాన్ని పెట్టే జిప్పు సంచి. మా సంచి ఒకసారి బోర్లించి దులిపితే వాడేసిన స్ట్రిప్పులు పదకొండు రాలాయి, లోపలి గుడ్డ మీద ఎండిన రక్తపు చుక్కలు. ఇప్పుడు రెండు వారాలకోసారి దాన్ని ఉతికి ఎండబెడుతున్నాను.

నాకు నిజంగా బాధ కలిగించేది రక్తపు చుక్క కోసం వేలు గుచ్చే పెన్ను. మన అపార్ట్‌మెంట్లలో ఎవరింట్లో మెషిన్ ఉందని తెలిసినా సాయంత్రానికి ఒకరు వస్తారు, "నాకూ ఓసారి చూసిపెట్టమ్మా" అని వేలు చాపుతారు. కాదనలేం. సూది మార్చాం కదా ఏమవుతుందిలే అనుకుంటాం. ఆ పెన్ను మూత విప్పి వెలుగులో పెట్టి చూడండి, సూది బయటికొచ్చే కన్నం చుట్టూ గోధుమరంగు మరక కనిపిస్తుంది, అది రక్తం. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. అందుకని పెన్ను తుడిచి పంచుకోవడమా, ఎవరిది వాళ్లకి విడిగా ఉండడమా అంటే విడిగానే, అది మొగుడూ పెళ్లాలైనా సరే. పక్కింటి పిన్నిగారికి ఇప్పుడు నేను వేరే సూది వాడుతున్నాను, ఒకసారి గుచ్చగానే లోపలికి వెళ్లిపోయి మళ్లీ బయటికి రాని రకం, మందుల షాపులో అడిగితే ఇస్తారు. అది కూడా ఆవిడ వేలికి మెషిన్ తగలకుండా. మంచి పద్ధతి ఆవిడ సొంత మెషిన్ కొనుక్కోవడమే, ఆ మాటా చెప్పాను.

ఇన్సులిన్ వేసుకునే పెన్నుకి తగిలించే నీడిల్ దగ్గర వాదన ఇంకోలా ఉంటుంది. రోజుకి నాలుగు అంటే నెలకి 120 నీడిల్స్, ఖర్చు చిన్నది కాదు, స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వాడేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లని నేను తప్పు పట్టను, కానీ తుడవడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. సూది మీద సన్నని సిలికాన్ పూత ఉంటుంది, నొప్పి లేకుండా దిగేది దానివల్లే, స్పిరిట్ ఆ పూతని తీసేస్తుంది. వాడిన కొద్దీ మొన మొద్దుబారుతుంది, ఒకేచోట పొడిస్తే పొట్ట మీద గడ్డలు కడతాయి, ఆ గడ్డల్లో వేసిన ఇన్సులిన్ సరిగా ఒంటికి పట్టదు. నీడిల్‌ని పెన్నుకే వదిలేస్తే లోపల ఇన్సులిన్ ఉండే గొట్టంలోకి గాలి చేరి డోసు తప్పుతుంది. ప్రతిసారీ కొత్తదే మేలు. స్పిరిట్‌కి అసలైన చోటు ఇన్సులిన్ సీసా మీది రబ్బరు బిళ్ల, సిరంజి గుచ్చే ముందు అక్కడ తుడవడం.

స్ట్రిప్పుల్ని తుడిచేదేమీ లేదు, కాపాడుకోవడమే. మాది విశాఖలో పెదవాల్తేరు, సముద్రపు గాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి. స్ట్రిప్పులో ఉండేది ఎంజైమ్, అంటే గ్లూకోజ్‌ని గుర్తించే ప్రోటీన్, తేమ తగిలితే పాడవుతుంది. వాటి డబ్బాలోనే తేమ పీల్చే మందు ఉంటుంది, కాబట్టి వేరే డబ్బాలో పోసుకోవద్దు, పొడి చేత్తో ఒకటి తీసుకుని టక్కున మూత పెట్టేయండి. డబ్బా తెరిచిన తేదీ పైన పెన్నుతో రాయండి.

చివరికి వాడేసిన సూదులు. పాలిథిన్ కవర్లో కట్టి చెత్తలో వేయడం ఒక పద్ధతి, మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించడం ఇంకో పద్ధతి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఇంట్లో వాడిన సూదుల్ని ప్రమాదకరమైన చెత్త కింద చేర్చాయి, విడిగా ఇవ్వాలి. మా ఇంట్లో ఖాళీ ఫ్లోర్ క్లీనర్ సీసా మీద నాన్న ఎర్ర అక్షరాలతో ‘సూదులు’ అని రాసిపెట్టారు. అది మూడొంతులు నిండగానే టేపు చుట్టి, పొద్దున్న చెత్త బండి వచ్చినప్పుడు ఆయనే కిందకి దిగి, లోపల ఏముందో చెప్పి బండితో వచ్చే అమ్మాయి చేతికి ఇస్తారు.