ఎలక్ట్రిక్ స్కూటర్‌తో 15 నెలలు: నేను ముందు చూడాల్సింది ప్లగ్ అని తెలిసింది

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. హైదరాబాద్ కొత్తపేటలో ఉంటాం. పొద్దున్న 5:30కి బయల్దేరి ఇళ్ళకు వెళ్ళి రక్తం శాంపిళ్ళు తీసుకుంటాను. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, సంతోష్‌నగర్, చంపాపేట, వనస్థలిపురం, నాగోలు... ఏ రోజు ఎటు పంపుతారో ముందు రోజు రాత్రి గానీ తెలియదు. 9:30 కల్లా శాంపిళ్ళు ల్యాబ్‌లో ఇచ్చేసి, తిన్నాక చేసే షుగర్ టెస్టుల కోసం మళ్ళీ ఒక రౌండు. రోజుకి 45 నుంచి 60 కిలోమీటర్లు బండి మీదే ఉంటాను. 2025 సంక్రాంతి వెళ్ళాక పాత పెట్రోల్ స్కూటర్ అమ్మేసి ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకున్నాను. ఇప్పటికి 19,400 కిలోమీటర్లు తిరిగింది. కొనాలనుకునేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు ఎక్కువయ్యాయి కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. నా ఒక్క బండికి జరిగినదాన్ని పట్టుకుని మొత్తం కంపెనీని పొగడడమో తిట్టడమో న్యాయం కాదనిపించింది. బ్యాటరీ 3.2 కిలోవాట్ అవర్, అంటే మన కరెంటు బిల్లు లెక్కలో 3.2 యూనిట్లు. మోటారు వెనక చక్రంలోనే ఉంటుంది. బరువు 118 కిలోలు. ఆన్‌రోడ్ 1,24,000 పడింది. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబరు 31 దాకా లేవు. జీఎస్టీ కూడా 5 శాతమే. నేను కొన్నప్పుడు కేంద్రం సబ్సిడీ 10,000 దాకా వచ్చేది, 2025 ఏప్రిల్ నుంచి అది సగమైంది.

మేము షోరూములు తిరగడం మొదలుపెట్టినప్పుడు స్పీడు ఎంత, స్క్రీన్ ఎంత పెద్దది, ఫోన్‌తో కనెక్ట్ అవుతుందా అని చూశాం. తీరా బుక్ చేద్దామనుకున్న రోజు మా ఆయన అడిగారు, "చార్జింగ్ ఎక్కడ పెడతావు?" అని. మేముండేది మూడో అంతస్తు, అద్దె ఇల్లు, లిఫ్టు లేదు. కింద పార్కింగ్‌లో ఉన్నది ఒక్క ట్యూబ్‌లైటు స్విచ్చు. ఆ ప్రశ్న రెండు వారాలు మమ్మల్ని ఆపేసింది. ఆగడమే మంచిదైంది.

బ్యాటరీ తీసి ఇంట్లోకి తీసుకెళ్ళే బండ్లు ఉన్నాయి. హీరో విడాలో కొన్ని మోడళ్ళకి అలా తీయగలిగే బ్యాటరీలు రెండు ఉంటాయి. అవి ఒక్కోటి పది కిలోల పైనే. పొద్దుటి నుంచి మెట్లెక్కి దిగే పని నాది. మధ్యాహ్నం వచ్చి మళ్ళీ రెండు బ్యాటరీలు మూడు అంతస్తులు మోయడం నా నడుముకు కుదరదు. అందుకని బ్యాటరీ బండిలోనే ఉండేది తీసుకుని, కింద ప్లగ్ పెట్టించుకోవాలని తేల్చుకున్నాం.

ఓనరు అంకుల్ ముందు వద్దన్నారు. కరెంటు ఖర్చు గురించి కాదు, ఆయన భయం మంటల గురించి. 2022లో వరసగా ఎలక్ట్రిక్ స్కూటర్లు కాలిపోయిన వార్తలు ఆయన మర్చిపోలేదు. ఆ భయాన్ని తీసిపారేయడం నాకు ఇష్టంలేదు. మెట్ల పక్కనే పార్కింగ్, పైన మూడు కుటుంబాలు, పిల్లలున్నారు. ఆ ప్రమాదాల తర్వాత ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణాన్ని ప్రభుత్వం కఠినం చేసిందని, 2022 డిసెంబరు నుంచి రెండు దశల్లో అమల్లోకి తెచ్చిందని చెప్పాను. మాట మీద నమ్మమనకుండా కాగితం మీద రాసిచ్చాను: బండి మెట్లకు దూరంగా గేటు పక్కనే పెడతాను, అందరూ మేలుకుని ఉన్న సమయంలోనే చార్జింగ్ పెడతాను, ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడను, నా ప్లగ్‌కి విడిగా పెట్టే సబ్‌మీటరు రీడింగ్ ప్రకారం యూనిట్‌కి 10 రూపాయలు ఇస్తాను. మూడు రోజులాగి ఒప్పుకున్నారు.

తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఇది అందరూ శ్రద్ధగా చదవాలి. అతను ఒక మామూలు బల్బు, రెండు వైర్లు తెచ్చి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టి చూశాడు. బల్బు వెలగలేదు. అంటే మా బిల్డింగ్‌లో మూడు రంధ్రాల సాకెట్లున్నాయి గానీ ఎర్తింగ్ లేదు. ఇన్నేళ్ళూ ఫ్రిజ్, గీజర్ అన్నీ అలాగే నడిచాయి. చార్జర్‌లో ఏదైనా లీకేజీ వస్తే బండి బాడీ ముట్టుకున్నవాళ్ళకే షాక్. అంకుల్ ఆ బల్బు చూసి తనే గుంత తవ్వించారు. జీఐ పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోశారు. మళ్ళీ బల్బు పెడితే ఫుల్లుగా వెలిగింది. ఎర్తింగ్‌కి అయిన 2,500 అంకుల్ ఇచ్చారు. 16 ఆంప్స్ సాకెట్, 2.5 ఎంఎం వైరు, ఎంసీబీ, సబ్‌మీటరు, తాళం వేసుకునే డబ్బా అన్నీ కలిపి నాకు 3,800. బండి ధరలో ఈ ఖర్చు ఏ షోరూమూ చెప్పదు. కానీ ఈ ప్రయాణంలో నాకు ఎక్కువ మనశ్శాంతి ఇచ్చిన ఖర్చు ఇదే.

ఇక రేంజ్, అంటే ఒకసారి ఫుల్ చార్జ్ చేస్తే ఎంత దూరం వెళ్తుందనేది. బ్రోచర్లో ఉన్నది 125 కిలోమీటర్లు. అది ల్యాబ్‌లో ఒక పద్ధతి ప్రకారం నడిపి కొలిచేది, మన రోడ్డుది కాదు. నాకు తక్కువ కరెంటు వాడే ఎకో మోడ్‌లో 95, మామూలు మోడ్‌లో 82 వస్తుంది. మా ఆయన వెనక కూర్చుంటే ఇంకో పది తగ్గుతుంది. డిసెంబరు, జనవరి పొద్దుటి చలిలో ఐదారు కిలోమీటర్లు తక్కువ. మీ రోజువారీ తిరుగుడు ఎంతో లెక్కేసుకుని, దానికి ఒకటిన్నర రెట్లు నిజమైన రేంజ్ ఇచ్చే బండి తీసుకోండి. నాకు 60కి 90 కావాలి, 95 ఉంది, సరిపోయింది. స్క్రీన్ మీద "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అని చూపించేది మనం అప్పటిదాకా నడిపిన తీరు బట్టి వేసే అంచనా. నేను దాన్ని చూడడం మానేసి బ్యాటరీ శాతం ఒక్కటే చూస్తాను.

ఆ పాఠం నేర్పిన రోజు 2025 సెప్టెంబరు చివర్లో వచ్చింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తడంతో మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్ళు వచ్చాయి కదా, అప్పుడు మూసారాంబాగ్ వంతెన మూసేశారు. అంబర్‌పేటలో ఒక పెద్దావిడకి పొటాషియం టెస్టు ఉంది, వాయిదా వేయడానికి లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నాగోలు, ఉప్పల్, రామంతాపూర్ మీదుగా తిరిగి వెళ్ళాను. అంతకుముందే వనస్థలిపురం రౌండు అయింది. వచ్చేటప్పుడు ఉప్పల్ దగ్గర బ్యాటరీ 15 శాతం కన్నా కిందికి దిగగానే బండి తనంతట తానే వేగం తగ్గించుకుంది. పక్కన లారీలు, పైన వాన, 35 దాటని బండి. ఇంటికి చేరేసరికి 9 శాతం. టెన్షన్ పడ్డాను, నిజం. ఆ మర్నాటి నుంచి చార్జర్ డిక్కీలో పెట్టుకుని వెళ్తున్నాను. ల్యాబ్‌లో సెక్యూరిటీ గది పక్కన ప్లగ్ వాడుకోనిస్తున్నారు. రెండో రౌండుకు వెళ్ళేలోపు గంట పెడితే 20 శాతం పైన ఎక్కుతుంది.

వాన గురించి చాలామంది అడుగుతారు. నా బండికి బ్యాటరీ, మోటారు ఐపీ67, నీళ్ళు దుమ్ము లోపలికి పోకుండా ఇచ్చే రేటింగ్ అది. అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచి పరీక్ష చేస్తారు. దాన్ని నమ్ముకుని నిండు నీళ్ళలోకి దిగకండి. సరూర్‌నగర్ చెరువు కింద కాలనీల్లో నీళ్ళు నిలిస్తే చక్రం సగం దాకా అయితేనే వెళ్తాను, అంతకు మించితే వెనక్కే. ఇంటికి వచ్చాక చార్జింగ్ పోర్టు పొడి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి అప్పుడు పెడతాను. ఎండాకాలం కూడా అంతే. మధ్యాహ్నం రెండింటికి వచ్చిన బండి సీటు కింద చెయ్యి పెడితే కాలుతూ ఉంటుంది. సాయంత్రం ఆరు దాకా నీడలో వదిలేసి, ఆరు నుంచి తొమ్మిదిలోపు చార్జ్ చేస్తాను. ఈ బండ్ల లిథియం బ్యాటరీల్లో ఎన్‌ఎంసీ, ఎల్‌ఎఫ్‌పీ అని రెండు రకాలు. నాది ఎన్‌ఎంసీ కాబట్టి మామూలు రోజుల్లో 90 శాతం దగ్గర ఆపేస్తాను. ఎల్‌ఎఫ్‌పీ అయితే వేడిని ఇంకొంచెం తట్టుకుంటుంది, కాకపోతే అదే రేంజ్‌కి బరువెక్కువ.

నా పనికి పనికొచ్చినవి రెండు. కాళ్ళ దగ్గర చదునుగా ఉంది, శాంపిల్ బాక్సు అక్కడ కదలకుండా కూర్చుంటుంది. రెండోది వెనక షాక్ అబ్జార్బర్. కుదుపులకి శాంపిల్‌లో ఎర్ర రక్తకణాలు చిట్లితే పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, మళ్ళీ వెళ్ళి ఆ పెద్దవాళ్ళ చేతికి సూది గుచ్చాలి. టెస్ట్ రైడ్‌కి ఖాళీ డబ్బాలో నీళ్ళు నింపిన ట్యూబులు పెట్టుకుని వెళ్ళాను. షోరూమువాళ్ళు వీధి చివరిదాకా తీసుకెళ్ళి తీసుకురమ్మన్నారు. నేను మా ఆయన్ని ఎక్కించుకుని ఎల్బీనగర్ ఫ్లైఓవర్ ఎక్కి, తర్వాత కొత్తపేట లోపలి గుంతల రోడ్డులో తిప్పాను. మీరూ ఎప్పుడూ తిరిగే దారిలోనే నడిపి చూడండి.

చప్పుడు లేకపోవడం నాకు ఇష్టం. తెల్లవారుజామున ఎవరి గుమ్మం ముందు ఆపినా ఇల్లంతా లేవదు. కానీ అదే ప్రమాదం కూడా. పాల ప్యాకెట్లు తీసుకుని వస్తున్న ఒకాయన నా బండి వినపడక ఎదురుగా అడుగు వేశారు. బ్రేకు పడింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి పొద్దున్న నడిచేవాళ్ళున్న వీధిలో 20 దాటను, దూరం నుంచే ఒక్కసారి చిన్నగా హారన్ కొడతాను.

ఖర్చు లెక్క ఇది. నెలకు సుమారు 1,300 కిలోమీటర్లు. సబ్‌మీటరులో 50 నుంచి 53 యూనిట్లు, అంకుల్‌కి ఇచ్చేది 500 పైన కొంచెం. పాత స్కూటర్ లీటరుకి 42 ఇచ్చేది. నేను కొన్నప్పుడు లీటరు 107 దాటి ఉంది, అంటే నెలకు 3,300. రెండు వేల ఎనిమిది వందలు తేడా. ల్యాబ్ ఇచ్చే పెట్రోల్ అలవెన్స్ మారలేదు. ఆ డబ్బు మా పాప స్కూల్ వ్యాన్‌కి వెళ్తుంది. బ్రేక్ ప్యాడ్లు ఇంకా మార్చలేదు, యాక్సిలరేటర్ వదిలితే మోటారే బండిని ఆపుతుంది కాబట్టి అరుగుదల తక్కువ. అయితే బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఆ ఆపడం సరిగ్గా ఉండదు, మొదటి రెండు మూడు కిలోమీటర్లు జాగ్రత్త. వెనక టైరు మాత్రం 16,000కే అరిగిపోయింది. మోటారు చక్రంలోనే ఉండడంతో మా వీధి పంక్చర్ షాపతను చక్రం విప్పనన్నాడు. సర్వీస్ సెంటర్‌కే వెళ్ళాల్సి వచ్చింది, ఒక రోజు పని పోయింది.

సర్వీస్ నాకు నిజంగా బాధ కలిగించింది. ఎనిమిదో నెలలో చార్జర్ చెడిపోయింది. కొత్తది రావడానికి తొమ్మిది రోజులు. రోజూ "రేపు మేడమ్" అన్నారు. ఆ తొమ్మిది రోజులూ మా ఆయన బైకు నేను తీసుకుంటే ఆయన మెట్రోలో వెళ్ళారు. ఇంటింటికీ తిరిగి బతికేవాళ్ళకు తొమ్మిది రోజులు చిన్న విషయం కాదు, ఇది కంపెనీలు అర్థం చేసుకోవాలి. మీరు కొనేముందు షోరూముకి కాదు, సోమవారం పొద్దున్న సర్వీస్ సెంటర్ గేటు దగ్గరికి వెళ్ళండి. బండి వదలడానికి వచ్చినవాళ్ళని అడగండి, ఎన్నోసారి వచ్చారు, పార్టు ఎన్ని రోజులకు వచ్చింది అని. వారంటీ కాగితంలో చార్జర్‌కి ఎన్నాళ్ళో విడిగా చూడండి. బ్యాటరీకి సంవత్సరాలు చూసి సంతోషపడకండి, పక్కన కిలోమీటర్లు చూడండి. మూడేళ్ళు లేదా 30,000 అని ఉంటే నాలాంటివాళ్ళకి రెండేళ్ళలోపే అయిపోతుంది. నేను డబ్బు కట్టి 80,000 దాకా పొడిగించుకున్నాను.

ఇప్పుడు మాకు కొత్త పని పడింది. అంకుల్ వాళ్ళబ్బాయి కుటుంబంతో తిరిగి వస్తున్నాడు, జూన్ కల్లా ఇల్లు ఖాళీ చేయాలి. టూలెట్ బోర్డులు చూసుకుంటూ నాలుగు ఇళ్ళు తిరిగాం. ఇదివరకు వంటగది, నీళ్ళు చూసేదాన్ని. ఇప్పుడు ముందు పార్కింగ్‌లోకి వెళ్తున్నాను. ఒక ఓనరు బండి మాట ఎత్తగానే కుదరదన్నారు. ఇంకొకరు కరెంటుకి నెలకు 1,500 విడిగా అడిగారు. చైతన్యపురిలో ఒక ఇంటి ఓనరమ్మ నేను చూపించిన, అంకుల్‌కి రాసిచ్చిన పాత కాగితం చదివి, ఎర్తింగ్ మీ మనిషితోనే చూపించుకోండి, అది లేకపోతే పెట్టించే ఖర్చులో సగం మేమిస్తాం అన్నారు. ఆదివారం అడ్వాన్స్ ఇవ్వడానికి వెళ్తున్నాం. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను, బల్బు తెచ్చుకోమని.