పోలీసుల మీద ఫిర్యాదు: ఎస్పీ ఆఫీసా, కమిషనా, కోర్టా?

"స్టేషన్‌లో మావాణ్ణి కొట్టారు సార్. ఎవరి దగ్గరికి పోవాలి?" కోర్టు ఆవరణలో ఈ ప్రశ్న వారానికి ఒకసారైనా వింటాను. ఊళ్లో ఒకరు ఎస్పీని కలవమంటారు, ఇంకొకరు మానవ హక్కుల కమిషన్‌కు రాయమంటారు. ఈమధ్య పోలీస్ కంప్లైంట్స్ అథారిటీ పేరు కూడా చెబుతున్నారు. ఏయే దారులున్నాయో చాలామందికి తెలుసు. ఏది ముందు పట్టుకోవాలన్నదే తెలియదు.

దీన్ని తేల్చేది నా లెక్కలో ఒక్కటే. ఆధారం చెరిగిపోయేలోపు దాన్ని పట్టి ఉంచే అధికారం ఎవరి చేతిలో ఉంది? మిగతావన్నీ దాని తర్వాతే.

పోయిన వేసవిలో ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చేసరికి సంఘటన జరిగి నలభై రోజులు దాటింది. బైక్ దొంగతనం అనుమానంతో కొడుకును రాత్రి జీపులో తీసుకెళ్లి, మర్నాడు సాయంత్రం వదిలేశారు. అరెస్టు చూపలేదు, నోటీసు ఇవ్వలేదు. ఫోన్‌లో ఫొటో చూపించాడు. రెండు అరికాళ్లూ వాచి నల్లగా కమిలిపోయి ఉన్నాయి. ఆ నలభై రోజులూ ఆయన ఊరికే కూర్చోలేదు. ఎస్పీ ఆఫీసులో సోమవారం అర్జీ ఇచ్చిన రసీదు ఉంది. కమిషన్‌కు పంపిన రిజిస్టర్డ్ పోస్టు తాలూకు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ఉంది. అన్నీ ప్లాస్టిక్ కవరులో తేదీల వారీగా పెట్టుకున్నాడు. లేనివి రెండే: వూండ్ సర్టిఫికెట్ (గాయాలు చూసి డాక్టరు రాసిచ్చే కాగితం), ఆ రాత్రి స్టేషన్ సీసీ ఫుటేజ్. అప్పటికి కాళ్లు మానిపోయాయి. ఫుటేజ్ అడిగితే నిల్వ లేదని జవాబు వచ్చింది.

ముందుగా ఎస్పీ ఆఫీసు, నగరంలో అయితే కమిషనరేట్. చిన్న విషయాలకు దీని కంటే వేగమైన దారి లేదు. ఎస్సై దురుసుగా మాట్లాడాడు, ఫిర్యాదు తీసుకోలేదు, పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కు డబ్బు అడిగాడు, ఇలాంటివాటికి ఒక్క సోమవారం అర్జీతో పని జరగడం నేను చాలాసార్లు చూశాను. బాధ్యుణ్ణి వీఆర్‌కు పంపడమో (అంటే పోస్టింగ్ లేకుండా పక్కన పెట్టడం), హెడ్‌క్వార్టర్‌కు అటాచ్ చేయడమో వారంలో అయిపోతుంది. కానీ కొట్టిన కేసులో ఎంక్వైరీ సాధారణంగా అదే సబ్‌డివిజన్ డీఎస్పీకి వెళ్తుంది. బాధితుడు వాంగ్మూలం ఇవ్వడానికి మళ్లీ ఆ మెట్లే ఎక్కాలి. భయపడి సగంమంది అక్కడే రాజీ అవుతారు. అయినా ఈ అర్జీ ఇచ్చి తీరాలి. స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలని, ఆ తర్వాతే మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలని బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 173(4) సెక్షన్ చెబుతోంది. ఆ రసీదు రేపు కోర్టులో మీకు పనికొస్తుంది.

మానవ హక్కుల కమిషన్‌కు లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు, తెలుగులో ఉత్తరం రాసినా చాలు. పేదవాడికి ఇంత సులువైన తలుపు ఇంకోటి లేదు, ఆ మేరకు దాన్ని గౌరవిస్తాను. 1993 నాటి చట్టం దానికి విచారణలో సివిల్ కోర్టు అధికారాలు ఇచ్చింది. కస్టడీలో మనిషి చనిపోతే 24 గంటల్లో జాతీయ కమిషన్‌కు తెలియజేయాలన్న నియమమూ ఉంది. రెండు విషయాలు మాత్రం గుర్తుంచుకోండి. సంఘటన జరిగిన ఏడాది తర్వాత వెళ్తే తీసుకోరు. రాష్ట్ర కమిషన్ ముందు ఉన్న విషయాన్ని జాతీయ కమిషన్ ముట్టదు, కాబట్టి ఎవరికి రాస్తున్నారో ముందే నిర్ణయించుకోవాలి.

దాని బలహీనత కూడా చట్టంలోనే ఉంది. కమిషన్ ఇచ్చేది సిఫార్సు. పరిహారం ఇవ్వమనీ, ప్రాసిక్యూట్ చేయమనీ ప్రభుత్వానికి చెప్పగలదు, అంతవరకే. దాని దర్యాప్తు విభాగాన్ని నడిపేదీ పోలీసు అధికారులే. పైగా కుర్చీ ఖాళీ అయితే అంతా ఆగిపోతుంది. తెలంగాణలో 2022 డిసెంబరులో ఛైర్మన్ పదవీకాలం ముగిశాక, 2025లో కొత్త ఛైర్మన్ వచ్చేదాకా రెండేళ్లకు పైగా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఆ రెండేళ్లలో దెబ్బలు తిన్నవాళ్లకు ఏడాది గడువు మాత్రం ఆగలేదు.

ఇక పోలీస్ కంప్లైంట్స్ అథారిటీ. కాగితం మీద చూస్తే అన్నిటికన్నా మేలైనది ఇదే. మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ 1996లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఇచ్చిన ఆదేశాల్లో ఇది ఆరోది. ఎస్పీ, ఆపై ర్యాంకు వాళ్ల మీద ఫిర్యాదులకు రాష్ట్ర స్థాయిలో, డీఎస్పీ వరకు ఉన్నవాళ్ల మీద జిల్లా స్థాయిలో అథారిటీ ఉండాలి. జిల్లా అథారిటీకి రిటైర్డ్ జిల్లా జడ్జి ఛైర్మన్. కస్టడీ మరణం, తీవ్ర గాయం, అత్యాచారంతో పాటు బలవంతపు వసూళ్లు, భూమి ఆక్రమణ కూడా జిల్లా స్థాయిలో విచారించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, అథారిటీ చెప్పింది ప్రభుత్వం పాటించి తీరాలి. పోలీసు గురించి పోలీసు కానివాడు విచారించి, చివరి మాట తనే చెప్పడం అనే ఆలోచన మన దేశంలో ఇంత స్పష్టంగా ఇంకెక్కడా రాసిలేదు.

కానీ నాకు అత్యంత బాధ కలిగించేది కూడా ఇదే. సుప్రీంకోర్టు కోరింది మనిషికి అందేంత దూరంలో, జిల్లా కేంద్రంలో ఉండే వ్యవస్థ. ఆదిలాబాద్‌లోనో, శ్రీకాకుళంలోనో దెబ్బ తగిలిన మనిషి బస్సెక్కి గంటలో వెళ్లగలగాలి. ఇన్నేళ్ల ప్రాక్టీసులో జిల్లా అథారిటీ ముందు నిలబడి వాదించిన లాయరు నాకు ఒక్కరూ తగల్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో రాష్ట్ర అథారిటీకి ఛైర్మన్‌ను నియమిస్తే, ఆ నియామకాన్ని హైకోర్టు నిలిపేసింది. జిల్లా అథారిటీలు నిజంగా పనిచేసే రోజు వస్తే ఈ వ్యాసం నేను మళ్లీ రాస్తాను, దాన్నే మొదట పెడతాను. ఈరోజు దాన్ని నమ్ముకుని నెల రోజులు పోగొట్టుకోమని మాత్రం చెప్పలేను.

నేను ముందు పట్టుకోమనేది కోర్టు, అంటే మీ ఊరి మెజిస్ట్రేటు. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో ఆయన ముందు నిలబెట్టాలని రాజ్యాంగంలోని 22వ అధికరణ చెబుతోంది. ఆ రెండు నిమిషాలే అన్నిటికన్నా విలువైనవి. "ఏమైనా చెప్పుకునేది ఉందా?" అని జడ్జి అడిగినప్పుడు, వెనక నిలబడ్డ కానిస్టేబుల్‌ను చూసి కుర్రాళ్లు తల అడ్డంగా ఊపుతారు. ఊపొద్దు. చొక్కా ఎత్తి చూపించాలి. "కొట్టారు" అన్న మాట రిమాండ్ రికార్డులోకి ఎక్కితే, డాక్టరు పరీక్ష జరిగితే, దాన్ని ఆ తర్వాత ఎవరూ చెరపలేరు. అరెస్టయిన వ్యక్తిని ప్రభుత్వ డాక్టరు పరీక్షించాలని, ఆ రిపోర్టు కాపీ అతనికి ఇవ్వాలని బీఎన్ఎస్ఎస్ 53 చెబుతోంది. అడిగి తీసుకోండి.

అరెస్టు చూపకుండా వదిలేస్తే ప్రైవేట్ కంప్లైంట్, అంటే నేరుగా మెజిస్ట్రేటుకే ఫిర్యాదు, వేయాలి. దర్యాప్తుకు ఆదేశించమని బీఎన్ఎస్ఎస్ 175 కింద అడగొచ్చు. సీసీ ఫుటేజ్ తెప్పించమని 94 కింద అడగొచ్చు. ప్రతి పోలీస్ స్టేషన్‌లో రాత్రిపూట కూడా కనిపించే, మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు ఉండాలని, ఫుటేజ్ 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది నిల్వ ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. వాటిని పర్యవేక్షించే జిల్లా కమిటీలో కలెక్టరు, ఎస్పీలతో పాటు మేయరుకో, జిల్లా పరిషత్ అధ్యక్షులకో చోటు ఇచ్చింది. మనం ఓటేసి గెలిపించినవాళ్లకు స్టేషన్ కెమెరాల మీద బాధ్యత ఉందని ఎంతమందికి తెలుసు? ఫుటేజ్ భద్రపరచమని ఆ కమిటీకి కూడా ఒక ఉత్తరం పెట్టండి. అయినా కెమెరాలు పనిచేయకపోవడం ఎంత పెద్ద సమస్య అంటే, 2025 సెప్టెంబరులో పత్రికా వార్త చూసి సుప్రీంకోర్టే తనంతట తాను కేసు తీసుకుంది.

కోర్టు దారి సులువని చెప్పను. పోలీసు ప్రభుత్వోద్యోగి కాబట్టి పై అధికారి నుంచి రిపోర్టు తెప్పించుకోవాలని 2024 జులై నుంచి కొత్త చట్టం చెబుతోంది. ప్రభుత్వోద్యోగిని ప్రాసిక్యూట్ చేయడానికి ప్రభుత్వ అనుమతి కావాలా అన్న ప్రశ్న వేరే ఉంది. కొట్టడం డ్యూటీలో భాగం కాదని మనం వాదిస్తాం, అది తేలడానికే నెలలు పడుతుంది. లాయరు ఖర్చుకు జంకేవాళ్లు 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కోర్టులో కేసు నడుస్తుంటే కమిషన్ సాధారణంగా తన ఫైలు పక్కన పెడుతుంది. రెండిట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే నేను కోర్టునే ఎంచుకుంటాను.

హైకోర్టులో రిట్ గురించి కూడా అడుగుతారు. ఎఫ్ఐఆర్ కట్టలేదని నేరుగా రిట్ వేస్తే, ముందు మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమంటారు. 2007లో సకిరి వాసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. మనిషి జాడ తెలియనప్పుడు, ప్రాణం పోయినప్పుడు మాత్రం ఆలోచించకుండా హైకోర్టుకే వెళ్లాలి. 2021 జూన్‌లో అడ్డగూడూరు స్టేషన్‌లో ఒక మహిళ చనిపోయినప్పుడు, అప్పటికే పూడ్చిన మృతదేహాన్ని బయటికి తీయించి మళ్లీ పోస్టుమార్టం చేయమని తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. మట్టి కింద ఉన్న ఆధారాన్ని కూడా పైకి తెప్పించగల శక్తి కోర్టుకే ఉంది. కలెక్టరు ప్రజావాణి, ఎమ్మెల్యే సిఫార్సు ఉత్తరం ఈ పనికి రావు.

ఏ దారి పట్టినా వదిలిన రాత్రే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. డాక్టరు అడిగితే జారిపడ్డామని చెప్పకండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కొట్టారో చెప్పి రాయించండి.

ఆ పెద్దాయన తరఫున ప్రైవేట్ కంప్లైంట్ వేశాం. మా చేతిలో ఉన్నది ఫోన్ ఫొటో, దాని మీది తేదీ, సమయం, ఆ రాత్రి కుర్రాణ్ణి జీపెక్కించడం చూసిన కిరాణా కొట్టాయన సాక్ష్యం. కొట్టాయన రెండుసార్లు వెనక్కి తగ్గి, మూడోసారి వచ్చి కోర్టులో చెప్పాడు. ఎస్సైకి నోటీసు వెళ్లింది. వాయిదా వచ్చే నెల పన్నెండున.