ఇద్దరు ఆండర్సన్లలో ఎవరు మేలు?

ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా ఉంది, తెలుగులో రాస్తే అదీ పోతుంది. అందుకని పేర్లతోనే పిలుద్దాం. మార్టెన్‌ది డెన్మార్క్, గ్యారీది దక్షిణాఫ్రికా. ఇద్దరూ కుర్రతనంలోనే అమెరికా చేరారు. అక్కడి ఫుట్‌బాల్ (మనకు తెలిసిన సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) చూస్తూ పెరిగినవాళ్లు కారు. అయినా ఇద్దరూ 1982లోనే అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగైన ఎన్ఎఫ్ఎల్‌లోకి వచ్చి, బంతిని రెండు స్తంభాల మధ్య నుంచి తన్నడమే బతుకుతెరువుగా ఇరవై ఏళ్లకు పైగా గడిపారు.

లెక్కల్లో చూస్తే మార్టెన్ ముందున్నాడు. 25 సీజన్లు, 382 మ్యాచ్‌లు, 2,544 పాయింట్లు. గ్యారీవి 23 సీజన్లు, 353 మ్యాచ్‌లు, 2,434 పాయింట్లు. కానీ ఇవన్నీ ఎక్కువ కాలం ఆడితే వచ్చే అంకెలు. గురి సంగతి వేరు. మార్టెన్ 709 సార్లు ఫీల్డ్ గోల్‌కి (స్తంభాల మధ్య నుంచి తన్నితే మూడు పాయింట్లు వచ్చే కిక్) ప్రయత్నించి 565 కొట్టాడు. గ్యారీ 672లో 538 కొట్టాడు. శాతాల్లో చూస్తే గ్యారీదే వెంట్రుకవాసి పైచేయి. పైగా మార్టెన్ న్యూ ఆర్లీన్స్‌లోనూ అట్లాంటాలోనూ కప్పున్న స్టేడియాల్లో ఏళ్ల తరబడి ఆడాడు. గ్యారీ మొదటి 13 ఏళ్లూ పిట్స్‌బర్గ్‌లో, నెత్తిన కప్పులేని మైదానంలో, చలిగాలికి ఎదురొడ్డి తన్నాడు. నా దృష్టిలో ఆ తేడా చిన్నదేం కాదు.

దూరం మాటకొస్తే మాత్రం మార్టెన్‌దే రాజ్యం. ఎడమకాలితో 60 గజాల నుంచి కొట్టిన మొనగాడు. 1995లో ఒకే మ్యాచ్‌లో 50 గజాలు దాటిన కిక్కులు మూడు వేశాడు, అంతకుముందు అలా ఎవరూ చేయలేదు. బంతి సగం మైదానం దాటితే చాలు, కోచ్‌కి మూడు పాయింట్ల మీద ఆశ పుట్టేది.

ఇక జనం మర్చిపోని రోజు 1999 జనవరి 17. మినియాపోలిస్‌లో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) బెర్తు కోసం మ్యాచ్. గ్యారీ అక్కడి జట్టు వైకింగ్స్‌కి, మార్టెన్ అట్లాంటాకి ఆడుతున్నారు. ఆ సీజన్‌లో వైకింగ్స్ తరఫున గ్యారీ 35 ఫీల్డ్ గోల్స్‌కి 35 కొట్టాడు, ఒక్కటీ పోలేదు. ఆట ఇంకో రెండు నిమిషాలుందనగా జట్టు 27-20తో ముందుంది. గ్యారీకి 40 గజాల లోపు కిక్ దొరికింది. అది పడితే ఆట దాదాపు ముగిసినట్టే. లోపల ఆట కాబట్టి గాలి మీద నెపం వేయడానికీ లేదు. బంతి ఎడమ పక్కకు పోయింది. అట్లాంటా టచ్‌డౌన్ చేసి (బంతిని అవతలి చివరి గీత దాటించి) స్కోరు సమం చేసింది. అదనపు సమయంలో మార్టెన్ 38 గజాల నుంచి కొట్టి 30-27తో ముగించాడు.

ఆ రోజు చూసి తీర్పు చెప్పేస్తారు చాలామంది. నాకది అన్యాయంగా తోస్తుంది. ఎందుకంటే 1996 డిసెంబర్‌లో జాక్సన్‌విల్‌లో, ఆఖరి క్షణాల్లో 30 గజాల కిక్ తప్పింది ఇదే మార్టెన్‌కి. గ్యారీది పోయినదానికన్నా తేలికైన కిక్ అది. ఆ పొరపాటుతో అవతలి జట్టు ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లకి) వెళ్లింది. కానీ అట్లాంటా ఆ ఏడాది 13 మ్యాచ్‌లు ఓడిన జట్టు, వాళ్ల కిక్కర్ ఏం తప్పాడో ఎవరికి పట్టింది? గ్యారీ జట్టు 16లో 15 గెలిచింది కాబట్టి ఆ ఒక్క కిక్ ఇప్పటికీ వెంటాడుతోంది. 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో (ఆటలోని మేటి ఆటగాళ్లకిచ్చే గౌరవం) చోటు మార్టెన్‌కే దక్కింది.

నన్ను జట్టు కట్టమంటే? పదిహేనేళ్లకు ఒక్కణ్ణే తీసుకోవాలంటే మార్టెన్‌నే తీసుకుంటా. ఆ దూరం ఇంకొకరి దగ్గర దొరకదు, శరీరం కూడా గట్టిది. 2005లో ఏ జట్టూ తీసుకోకపోతే ఇంట్లో కూర్చుని, మళ్లీ వచ్చి, 47 ఏళ్ల వయసులో 28కి 25 కొట్టాడు. అదే ఒక్క మ్యాచ్, జనవరి చలి, 45 గజాల లోపు కిక్ అంటే గ్యారీ పేరే చెబుతా. 1999 గుర్తుచేసి నవ్వేవాళ్లకు 2004 జనవరి గుర్తుచేస్తా. టెన్నెసీ తరఫున బాల్టిమోర్‌లో ప్లేఆఫ్ మ్యాచ్, స్కోరు 17-17. ఇంకా అర నిమిషమే ఉండగా 44 ఏళ్ల గ్యారీ 46 గజాల నుంచి తన్నాడు. పడింది.